ఆ తాతగారిని ఎవరు బతికించారు?

2023 చలికాలంలో పల్సానాలో ఒక పెద్దాయన పోయారు. నా స్నేహితుడి తాతగారు. ఇంటివాళ్ల కోరిక మీద పేరు రాయడం లేదు. తాతగారు అనే అంటాను, ఆయన్ని మేమందరం అలాగే పిలిచేవాళ్లం.

పల్సానా సూరత్ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. ముంబై వెళ్లే జాతీయ రహదారి మీద ఉంటుంది. ఒక పక్క బట్టలకు రంగులు వేసే మిల్లులు, ఇంకో పక్క చెరకు తోటలు. సూరత్ చుట్టుపక్కల తెలుగువాళ్లు తక్కువేం కాదు. ఎక్కువమంది తెలంగాణ జిల్లాల నుంచి మగ్గాల పని మీద వచ్చిన పద్మశాలీలు. తాతగారిది మాత్రం పశ్చిమ గోదావరి. మిల్లులో ఉద్యోగం చేసే మనవడి దగ్గర చివరి పదేళ్లు ఉన్నారు. పొద్దున్నే చెరకు తోటల గట్ల మీద నడిచేవారు. నీళ్లు ఎక్కువ పెట్టారనో, గట్టు గండి పడేలా ఉందనో అక్కడి గుజరాతీ రైతులకు తెలుగులోనే చెప్పేవారు. వాళ్లు తలూపేవారు. రైతుకు రైతు మాట అర్థం కావడానికి భాష అంతగా అవసరం లేదేమో.

పెద్దకర్మ రోజున నేనూ వెళ్లాను. కర్మకాండల మీద నాకు నమ్మకం లేదని ఆ ఇంట్లో అందరికీ తెలుసు. అయినా రమ్మన్నారు, వెళ్లాను. మనిషి పోయిన ఇంటికి వెళ్లడానికి ఆత్మ ఉందని నమ్మక్కర్లేదు.

వాకిట్లో పెద్ద ఫ్లెక్సీ కట్టారు. తాతగారి ఫోటో, పక్కన పతకాలు, కింద పెద్ద అక్షరాలతో "104 సంవత్సరాల సంపూర్ణ జీవితం". భోజనాలకు ముందు ఒక్కొక్కరూ లేచి నాలుగు మాటలు చెప్పారు. ఒకాయన ఇదంతా పూర్వజన్మ సుకృతం అన్నాడు. ఇంకొకాయన చద్దన్నం మహిమ అన్నాడు. వరుసకు బావ అయ్యే ఆయన నవ్వుతూ, "ఎనభై ఏళ్లు దాటేదాకా చుట్ట కాల్చాడు, అందుకే గట్టిగా ఉన్నాడు" అన్నాడు. చివరికి ఒక పెద్దావిడ లేచి, "యుద్ధానికి పోయేప్పుడు వాళ్లమ్మ పోలేరమ్మకు మొక్కింది. ఆ తల్లే బర్మా నుంచి ప్రాణాలతో తెచ్చింది, ఆ తల్లే నూరేళ్లు దాటించింది" అన్నది. అందరూ అవునన్నారు.

ఆ రోజు నేను ఒక తప్పు చేశాను. ముందు అది చెప్తాను.

తాతగారి సైన్యం డిశ్చార్జి పుస్తకం నేను చూశాను. ఆయనే చూపించారు. 1942లో చేరినప్పుడు వయసు 18 అని అందులో రాసి ఉంది. ఆ లెక్కన పోయేనాటికి 99. ఫ్లెక్సీ మీద 104. నా పక్కన కూర్చున్నాయనతో ఈ మాట అన్నాను. కాస్త గట్టిగానే అన్నానేమో, తాతగారి కూతురు విన్నది. స్నేహితుడి తల్లి, నేను పిన్నిగారూ అంటాను. ఆవిడ వచ్చి, "ఏం బాబూ, మా నాన్న అయిదేళ్లు ఎక్కువ బతికితే నీకేమైనా నష్టమా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు. తల వంచుకుని భోజనం చేసి వచ్చేశాను.

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ రాస్తున్న వ్యాసం ఇది. మన హేతువాదులు చాలామందికి ఇలాంటి అనుభవం ఉండే ఉంటుంది. తప్పు లెక్క కనపడగానే సరిచేస్తాం. సరిచేశాక అక్కడ ఏం పెట్టాలో ఆలోచించం.

ముందు వయసు సంగతి. 104 తప్పయితే 99 నిజమని చెప్పగలమా? అదీ చెప్పలేం. ఒకసారి తాతగారిని అడిగితే, "నా వయసు నాకేం తెలుసు? రాసుకునే గుమాస్తా నన్ను పైకీ కిందికీ చూసి పద్దెనిమిది వేశాడు" అన్నారు. అది నిజాయితీ ఉన్న మాట. మన జనాభా లెక్కల్లో వయసులు ఎక్కువగా 0తోనూ 5తోనూ ముగుస్తాయి. అంటే జనం అంచనాగా చెప్తారు, రాసేవాళ్లు అదే రాసుకుంటారు. ఇది మన ఒక్కరి జబ్బు కాదు. వందేళ్లు దాటినవాళ్లు ఎక్కువ ఉన్నారని ప్రపంచమంతా చెప్పుకునే చోట్ల జనన రికార్డులు సరిగా లేకపోవడం ఎక్కువని సాల్ న్యూమన్ అనే పరిశోధకుడు చూపించాడు. నవ్వించి ఆలోచింపజేసే పరిశోధనలకు ఇచ్చే ఇగ్ నోబెల్ బహుమతి 2024లో ఆయనకు వచ్చింది. కాబట్టి తాతగారి విషయంలో మనం చెప్పగలిగేది ఇంతే: సుమారు నూరేళ్లు. అది చిన్న సంగతేం కాదు.

అసలు గొడవ వయసు దగ్గర లేదు. ఆ వయసు ఎవరి ఖాతాలో వేస్తున్నాం అన్న దగ్గర ఉంది.

చద్దన్నం, చుట్ట సంగతి తేలిగ్గానే తేలుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేసిన హెన్రీ ఆలింగ్‌హామ్ అనే బ్రిటిష్ సైనికుడు 113 ఏళ్లు బతికి 2009లో చనిపోయాడు. రహస్యం ఏమిటని అడిగితే సిగరెట్లు, విస్కీ, ఆడవాళ్లు అని హాస్యమాడేవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో పనిచేసిన అమెరికన్ రిచర్డ్ ఓవర్టన్ 112 ఏళ్లు బతికి 2018లో పోయాడు. ఆయన చివరిదాకా చుట్టలు కాల్చాడు. పొగాకు వల్ల యాభైకే పోయినవాళ్లను మనం ఇంటర్వ్యూ చేయలేం కదా! మిగిలినవాణ్ణే అడుగుతాం, అతను చేసిన ప్రతి పనీ కారణంలా కనిపిస్తుంది.

ఈ పొరపాటును అందరికంటే బాగా పట్టుకున్నవాడు అబ్రహాం వాల్డ్ అనే గణితవేత్త. రెండో ప్రపంచ యుద్ధకాలంలో న్యూయార్క్‌లోని కొలంబియా విశ్వవిద్యాలయంలో సైన్యం కోసం లెక్కలు కట్టే బృందంలో పనిచేశాడు. దాడులకు వెళ్లి తిరిగి వచ్చిన విమానాల మీద ఎక్కడ గుళ్ల రంధ్రాలు ఎక్కువ ఉన్నాయో చూసి, అక్కడ ఉక్కు రేకు మందంగా వేయాలని మామూలుగా ఎవరికైనా అనిపిస్తుంది. వాల్డ్ లెక్క దానికి ఎదురుగా వెళ్తుంది. తిరిగి వచ్చిన విమానాల్లో రంధ్రాలు లేని చోటే ప్రమాదకరమైన చోటు. అక్కడ దెబ్బ తిన్నవి తిరిగి రాలేదు కాబట్టే మనకు కనపడడం లేదు. ఈ వాల్డ్ భారత ప్రభుత్వ ఆహ్వానం మీద ఉపన్యాసాలకు వచ్చి, 1950 డిసెంబర్‌లో నీలగిరి కొండల్లో విమానం కూలి చనిపోయాడు. మన నేల మీద పోయిన ఆ మనిషి గురించి మన పాఠ్యపుస్తకాల్లో ఒక్క ముక్క ఉంటే బాగుండును.

ఇప్పుడు పోలేరమ్మ సంగతి వాల్డ్ కళ్లతో చూద్దాం. తాతగారి ప్రాంతంలోనే, తాడేపల్లిగూడెం దగ్గర, మాధవరం అనే ఊరు ఉంది. మిలటరీ మాధవరం అంటారు. మొదటి ప్రపంచ యుద్ధానికి ఆ ఊరి నుంచి 90 మంది, రెండో ప్రపంచ యుద్ధానికి 1,110 మంది వెళ్లారని ఊరివాళ్లు చెప్పే లెక్క. ఇప్పటికీ ఇంటికొకరు సైన్యంలో ఉన్న ఊరు అది. ఆ చుట్టుపక్కల పల్లెల్లో కొడుకు యుద్ధానికి బయల్దేరితే మొక్కని తల్లి ఉండేదా? అందరు తల్లులూ మొక్కారు. కొందరి కొడుకులే తిరిగొచ్చారు. రెండో ప్రపంచ యుద్ధంలో మన ఉపఖండం నుంచి 25 లక్షల మంది సైన్యంలో చేరితే దాదాపు 87,000 మంది చనిపోయారు. రంగూన్ శివార్లలో టౌక్యాన్ అనే చోట యుద్ధ శ్మశానం ఉంది. అక్కడి స్తంభాల మీద, సమాధి కూడా దొరకని దాదాపు 27,000 మంది పేర్లు చెక్కి ఉన్నాయి. వాళ్లలో మనవాళ్ల పేర్లు వేలల్లో ఉన్నాయి.

పోలేరమ్మ తాతగారిని కాపాడింది అన్నామంటే, ఆ పేర్లున్న వాళ్లను కాపాడలేదు అని అన్నట్టే. వాళ్ల తల్లుల మొక్కులో ఏదో లోపం ఉందని అన్నట్టే. ఆ రోజు మాట్లాడిన పెద్దావిడకు ఆ ఉద్దేశం లేదు, నాకు తెలుసు. కానీ మాటకు ఆ అర్థం ఉంది. పెద్దకర్మలో ఆ అర్థం ఎవరికీ వినపడదు, ఎందుకంటే కొడుకు తిరిగిరాని తల్లి అక్కడ ఉండదు.

ఇంకో సంగతి. తాతగారి ముఖం నిండా మశూచి మచ్చలు. చిన్నప్పుడు ఆయనకీ చెల్లెలికీ ఒకేసారి సోకింది. ఒకే ఇల్లు, ఒకే తల్లి, ఒకే మొక్కు. చెల్లెలు పోయింది, ఈయన మిగిలారు. మశూచిని అమ్మవారు అనేవాళ్లు, పోలేరమ్మ కోపం అనేవాళ్లు. ఆ కోపాన్ని చల్లార్చడానికి శతాబ్దాల పాటు మన ఊళ్లలో జాతరలు జరిగాయి. చివరికి చల్లార్చింది టీకా. 1975 మే తర్వాత మన దేశంలో మశూచి కేసు లేదు. 1980లో ప్రపంచం నుంచే పోయిందని ప్రకటించారు. ఇల్లిల్లూ తిరిగి టీకాలు వేసినవాళ్ల పేర్లు మన ఊళ్లలో ఎవరికి గుర్తున్నాయి? జాతర మాత్రం ఏటా జరుగుతోంది.

మరి తాతగారిని బర్మాలో ఎవరు కాపాడారు? ఈ జవాబు నాకు ఆయన దగ్గరే దొరికింది.

ఆయన పని రోడ్లు వేయడం, వంతెనలకు దుంగలు మోయడం. ఆ అడవుల్లో తుపాకీ కంటే దోమ ఎక్కువమందిని పడగొట్టింది. అక్కడి పద్నాలుగో సైన్యానికి అధిపతిగా ఉన్న జనరల్ స్లిమ్ తన పుస్తకంలో లెక్క రాశాడు. 1943లో గాయపడి ఒక సైనికుణ్ణి వెనక్కి పంపితే, జబ్బుతో 120 మందిని పంపాల్సి వచ్చేదట. మలేరియాకు మెపాక్రిన్ అనే పసుపు మాత్ర వచ్చింది. రోజూ మింగాలి. మింగితే ఒళ్లు పచ్చబడుతుంది. మగతనం పోతుందని పుకారు పుట్టింది. దాంతో సిపాయిలు నోట్లో వేసుకున్నట్టు నటించి ఉమ్మేసేవాళ్లు. స్లిమ్ ఉపన్యాసాలు ఇవ్వలేదు. హఠాత్తుగా రక్తపరీక్షలు పెట్టాడు. మందు మింగినవాళ్లు నూటికి 95 మంది కంటే తగ్గితే ఆ పటాలం అధికారిని తీసేశాడు. ముగ్గురిని తీసేసరికి మిగిలినవాళ్లకు సంగతి అర్థమైందని రాశాడు. 1945కల్లా జబ్బుపడేవాళ్ల సంఖ్య రోజుకు వెయ్యికి ఒకరికి పడిపోయింది.

తాతగారికి స్లిమ్ పేరు తెలియదు. ఆయనకు గుర్తున్నది హవల్దారు. "మాత్ర వేసి, నీళ్లు తాగించి, నోరు తెరిచి నాలుక ఎత్తమనేవాడు. వాణ్ణి రోజూ తిట్టుకునేవాళ్లం" అనేవారు. ఆ హవల్దారు ఎవరో, ఏ ఊరో, తిరిగొచ్చాడో లేదో. తాతగారు ఆ మాట చెప్పినప్పుడల్లా కాసేపు మౌనంగా ఉండేవారు.

1994 సెప్టెంబర్‌లో సూరత్‌లో ప్లేగు అన్నారు. కొద్దిరోజుల్లోనే లక్షలమంది నగరం వదిలి పారిపోయారు. అప్పుడే పనిలో చేరిన మనవడు కూడా రైలెక్కి ఊరు చేరాడు. చేతిలో టెట్రాసైక్లిన్ బిళ్లలు. ఊళ్లో వాళ్లు దిష్టి తీశారు, తాయెత్తు కట్టారు. రెండు రోజులు బాగానే ఉన్నాడు కదా అని బిళ్లలు మానేయబోతే, తాతగారు ఎదురుగా కూర్చుని పూటపూటా మింగించారట. మింగాక, "నోరు తెరువు, నాలుక ఎత్తు" అన్నారట. మనవడు ఈ మాట చెప్పి నవ్వుతాడు, కళ్లు తుడుచుకుంటాడు. యాభై ఏళ్ల కిందటి బర్మా హవల్దారు అలా పశ్చిమ గోదావరి అరుగు మీదికి వచ్చాడు.

యుద్ధం నుంచి వచ్చాక ఆయన బతుకంతా వ్యవసాయమే. స్వాతంత్ర్యం వచ్చేనాటికి మన దేశంలో సగటు ఆయుర్దాయం 32 ఏళ్ల దగ్గర ఉండేది. ఇప్పుడు 70 దగ్గర ఉంది. ఆ రోజుల్లో అందరూ 32కే పోయేవారని కాదు. పసిపిల్లలు ఎక్కువగా పోయేవారు కాబట్టి సగటు అలా పడిపోయేది. అప్పట్లో ఏటా 8 లక్షల మంది మలేరియాతో పోతున్నారని అంచనా. 1953లో జాతీయ కార్యక్రమం పెట్టి ఇళ్లకు డి.డి.టి. కొట్టారు, 1960ల్లో ఆ చావులు దాదాపు ఆగాయి. 1970ల్లో శ్రద్ధ తగ్గగానే జబ్బు తిరిగొచ్చింది, అదీ చెప్పుకోవాలి. 1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ నుంచి ఐ.ఆర్. 8 వంగడం వచ్చింది. 1967లో ఆచంట రైతు నెక్కంటి సుబ్బారావు దాన్ని పండించి చూపించి మిస్టర్ ఐ.ఆర్. 8 అనిపించుకున్నారు. తాతగారు కూడా వేశారు. "అన్నం రుచిగా ఉండేది కాదు. కానీ గాదె నిండేది" అనేవారు. పిన్నిగారు పుట్టాక ఆ ఇంట్లో పసిబిడ్డ ఎవరూ పోలేదు. అంతకుముందు ఇద్దరు పోయారు.

ఇవన్నీ కలిపినా ఆయనే ఎందుకు సుమారు నూరేళ్లు బతికారో పూర్తిగా చెప్పలేం. అదే మాత్ర మింగి, అదే అన్నం తిని డెబ్భైకి పోయినవాళ్లు ఉన్నారు. మిగిలింది పుట్టుకతో వచ్చిన శరీరం, యాదృచ్ఛికం. యాదృచ్ఛికం అని ఒప్పుకోవడానికి సిగ్గుపడక్కర్లేదు. దానికి దండం పెట్టాల్సిన పని కూడా లేదు.

విధి అనే మాటతో ఇంకో ప్రమాదం ఉంది. ఆయుష్షు ఆయన రాత అన్నవాళ్లే, పెన్షన్ రాకపోవడం కూడా ఆయన రాతే అన్నారు. యుద్ధం అయిపోగానే లక్షలమంది సిపాయిలను ఇంటికి పంపేశారు. నాలుగేళ్ల సర్వీసుకు నెలనెలా పెన్షన్ లేదు. అది ఎవరి నుదుటి మీదా రాయలేదు. కార్యాలయంలో కూర్చుని మనుషులు రాసిన నిబంధన. మనుషులు రాసింది మనుషులు మార్చగలరు.

దీనికి ఉదాహరణ హర్యానాలోని పాల్రా గ్రామానికి చెందిన ఉమ్రావ్ సింగ్. ఆయనా రైతే, ఆయనా బర్మా యుద్ధంలో పోరాడినవాడే. 1944 డిసెంబర్‌లో కలదాన్ లోయలో తన ఫిరంగిని వదలకుండా చేతులతో పోరాడి, ఏడు గాయాలతో బతికి బయటపడ్డాడు. విక్టోరియా క్రాస్ ఇచ్చారు. ఆ పతకం పొందినందుకు బ్రిటన్ ఆయనకు ఇచ్చింది ఏడాదికి 168 పౌండ్లు. ఊళ్లో చిన్న కమతం చేసుకుని బతికాడు. పతకం అమ్మితే డబ్బొస్తుందన్నా అమ్మలేదు. 1995లో లండన్‌లో జరిగిన స్వర్ణోత్సవాలకు పిలిస్తే వెళ్లి, ప్రధాని జాన్ మేజర్ ఎదుటే ఈ అన్యాయం చెప్పాడు. ఆ మొత్తం 1,300 పౌండ్లకు పెరిగింది. ఆయన ఒక్కడికే కాదు, ఆయనలాంటి మిగతావాళ్లకూ పెరిగింది. 2005 నవంబర్ 21న, 85 ఏళ్ల వయసులో పోయాడు. నా రాత ఇంతే అనుకుని ఊరుకుని ఉంటే 168 దగ్గరే ఉండేది.

ఇప్పుడు పిన్నిగారి ప్రశ్నకు వస్తాను. అయిదేళ్లు ఎక్కువ రాస్తే నాకేమీ నష్టం లేదు. నా తప్పు ఒప్పుకుంటాను. దుఃఖంలో ఉన్న ఇంట్లో 104 కొట్టేసి 99 అనడం లెక్కకు సరే, మనిషికి సరికాదు. చెప్పాల్సింది అది కాదు. లేచి నిలబడి హవల్దారు గురించి చెప్పాల్సింది. చెల్లెలి గురించి చెప్పాల్సింది. టౌక్యాన్ స్తంభాల గురించి, ఐ.ఆర్. 8 గురించి, మనవడి నోరు తెరిపించిన రోజు గురించి చెప్పాల్సింది. కృతజ్ఞత మంచి గుణమే. కానీ అది సరైన చిరునామాకు చేరాలి. పోలేరమ్మకు పోసిన దండాల్లో ఒక్కటి ఆ హవల్దారుకు అందాలని నా బాధ.

ఏడాది తిరిగాక సంవత్సరీకానికి మళ్లీ పిలిచారు. ఈసారి మాట్లాడమన్నారు. పైన రాసినదాంట్లో సగం చెప్పాను, దేవత పేరెత్తకుండా. పెద్దావిడ మొక్కు మాట మళ్లీ చెప్పింది, నేను అడ్డు చెప్పలేదు. భోజనాలయ్యాక పిన్నిగారు లోపలికి పిలిచి డిశ్చార్జి పుస్తకం తెచ్చి చేతిలో పెట్టింది. అంచులు చెదలు తిన్నాయి. "ఆ హవల్దారు పేరు ఇందులో ఎక్కడైనా ఉందేమో చూడు బాబూ" అన్నది.

పేజీ పేజీ చూశాను. లేదు. లేదనే చెప్పాను.

ఆవిడ పుస్తకం మళ్లీ గుడ్డలో చుడుతూ, "అయితే హవల్దారు అని రాయించు" అన్నది. ఆ ఇంట్లో తాతగారి ఫోటో కింద ఇప్పుడు చిన్న చెక్క పలక ఉంది. 104 లేదు, 99 లేదు. "సుమారు నూరేళ్లు. రైతు, సిపాయి. బర్మాలో రోజూ మందు మింగించిన హవల్దారు గారికి మా ఇంటిల్లిపాదీ నమస్కారం" అని ఉంది.